దినాలకు ఇచ్చిన ఫోటో

చాలా ఏళ్లుగా ఒక మనిషి మొహం మోస్తున్నాను. ఆయనెవరో, పేరేమిటో నాకూ తెలియదు. ఇక నావల్ల కావడం లేదు. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

టేకులపల్లి మెయిన్ రోడ్డు మీద, టైలర్ షాపుకీ సైకిల్ షాపుకీ మధ్య నాది ఫోటో స్టూడియో. ఎనభైల నాటి మాట. తీసిన ప్రతి నెగెటివూ రేకు డబ్బాలో దాచేవాణ్ణి. ఎవరైనా పోతే ఇంటివాళ్లు దినాలకు పెద్ద ఫోటో కావాలని నా దగ్గరికే వచ్చేవారు. ఆ డబ్బా మీద జనానికి అంత నమ్మకం, నాకు అంత గర్వం.

ఒక వానాకాలం పైకప్పు కారింది. చూశాను, రేపు సర్దుదాంలే అనుకున్నాను. డబ్బా నిండా నీళ్లు. నెగెటివులు చాలావరకు అంటుకుపోయాయి. ఎవరికీ చెప్పలేదు. పరువు పోతుందని భయం, ఇంకేముంది!

వారం తిరక్కముందే లచ్చమ్మ వచ్చింది. బొగ్గుబావిలో పనిచేసే ఆమె భర్త జ్వరంతో పోయాడు. ఆయన బతుకు మొత్తంలో దిగిన ఫోటో ఒక్కటే, పెళ్లికి ముందు, నా స్టూడియోలో. ఇంట్లో ఉన్న కాపీని చెదలు తినేశాయట. ఎల్లుండే దినాలు. "ఉందమ్మా, రేపు ఇస్తా" అనేశాను. ఎందుకన్నాను? పాడైపోయింది అనే ఒక్క మాటకు నోరెందుకు రాలేదు?

పాస్‌పోర్టు ఫోటో దిగి మళ్లీ రాని ఒకాయన నెగెటివు తడవకుండా మిగిలింది. లీలగా లచ్చమ్మ భర్త పోలికే అనిపించింది. పెద్ద ప్రింటు వేసి, దాని మీద పెన్సిల్‌తో మీసం దట్టం చేశాను, పాపిట మార్చాను. పని బ్రహ్మాండంగా కుదిరింది, సిగ్గులేని చెయ్యి!

మర్నాడు ఫోటో చేతికిస్తే ఆమె చాలాసేపు చూసింది.

"ఈన మా ఆయన లెక్క లేడు సార్."

"ఏడ్చి ఏడ్చి కండ్లు మసకబారినయమ్మా. పెండ్లికి ముందు మొఖం నీకేం ఎరుక? ఫోటో అబద్ధం చెప్తదా?"

"అవ్ సార్... నేనే మర్చిపోయిననేమో."

ఫోటో కళ్లకద్దుకుని వెళ్లిపోయింది.

ఫోటో మార్చడం తప్పే. కానీ పన్నెండేళ్లు కాపురం చేసిన మనిషిని, మొగుడి మొహం నీకు గుర్తులేదని నమ్మించాను చూడండి, అది నన్ను తినేస్తోంది.

పదేళ్లకు ఆమె కూతురు అదే ఫోటో పట్టుకుని వచ్చింది. లచ్చమ్మ పోయింది. అమ్మానాన్నలను పక్కపక్కన పెట్టి ఒకే ఫోటో చేయమంది.

"ఆఖర్ల అమ్మకు మతి దప్పింది సార్. గోడ దిక్కు చూసి, ఈనెవరు, మా ఇంట్ల ఎందుకున్నడు, తీసెయ్యుండ్రి అని ఒకటే లొల్లి."

నిజం నోటిదాకా వచ్చింది. మింగేశాను. లచ్చమ్మ తీసెయ్యమన్న మనిషి పక్కనే ఆమెను పెట్టి, అద్దం కట్టి ఇచ్చాను. ఆ పిల్ల చేతులెత్తి దండం పెట్టింది.

లచ్చమ్మకు మతి తప్పలేదు. ఆ మాట ఆ పిల్లకు చెప్పాల్సింది, మీకు చెప్తున్నాను.