ఏట్లో కలవని కాలవ

లైబ్రరీలో గచ్చు తుడిచే ఆవిణ్ని అందరూ తడిగుడ్డక్క అనేవాళ్లు. అలాగని గొంతులు కోసే రకం కాదు, నోట్లో నాలుక లేని మనిషి.

ఆవిడ కొడుకు నడక నేర్చిన ఏడాదే, సున్నపు బట్టీల దగ్గర వాళ్ల ఇంటి వెనక కాలవలో జారిపోయాడు. వానాకాలం, ఒడ్డు తెలియని నీళ్లు. ఆ కాలవేమో వీధి చివర బండల కిందకి దూరి, ఎటు పోయేదో ఎవరికీ కనబడేది కాదు. వెతికారు, దొరకలేదు. దొరకలేదు కాబట్టే అత్తగారు ఒక మాట అంది.

"కాలవన్నాక ఏట్లో కలవక చస్తుందా? దిగువన పడవలవాళ్లుంటారే. ఎవరో తీసి పెంచుకుంటూనే ఉంటారు."

ముసలమ్మ పోయింది, మాట పోలేదు. సెలవు దొరికితే చాలు, తడిగుడ్డక్క దిగువ రేవుకు పోయేది. పడవ కుర్రాళ్ల చెవి వెనక పుట్టుమచ్చ కోసం తొంగిచూసి తిట్లు తినేది. తిట్టినవాడు కూడా కొడుకేమో అనుకునేది, పిచ్చిది.

మొన్న లైబ్రరీలో ఊరి పాత కాలవల పటాలు గాజుబల్లల్లో పెట్టారు. జనానికి కళ్లు వేళ్ల కొసన ఉంటాయి కదా, వాళ్లు మరకలు చేయడం, ఈవిడ తుడవడం.

"అమ్మాయీ, సున్నపు బట్టీల వెనక కాలవ ఏదే ఇందులో?"

"ఏంటక్కా, పడవ కొంటున్నావా?" అని నవ్వింది అక్కడి ఉద్యోగం పిల్ల. "ఇదిగో, ఈ నీలం గీత."

తడిగుడ్డక్క ఆ గీత వెంట గుడ్డ జరుపుకుంటూ పోయింది. గీత ఒక గుండ్రటి మచ్చ దగ్గర ఆగిపోయింది.

"ఇక్కణ్ణించి ఏట్లోకి ఎటు పోతుందే?"

"పోదక్కా. మురుగు ఏట్లో పడకుండా ఈ గుంటలోనే ఆపేశారట."

"సరిగ్గా చూడవే తల్లీ. సన్నగా ఎక్కడో ఉంటుంది."

"ఉంటే గీసేవాళ్లు కదా! చుట్టూ కట్ట చూడు. తర్వాత గుంటంతా పూడ్చేసి బస్సుల డిపో కట్టారు. రోజూ నువ్వు దిగేది అక్కడేగా!"

పిల్లకేం తెలుసు? తెలిస్తే నాలుక కరుచుకునేది. తడిగుడ్డక్క ఆ మచ్చ మీద గాజును తుడుస్తూనే ఉంది.

"అక్కడ మరక లేదక్కా" అంది పిల్ల.

సాయంత్రం బస్సు డిపోలో ఆగింది. అందరూ దిగారు. ఈవిడ మాత్రం కింది మెట్టు మీదే నిలబడిపోయింది, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని.

"దిగవమ్మా, ఆఖరి స్టాపు" అన్నాడు కండక్టరు. "ఏం, కింద నిప్పులున్నాయా?"

"కాదు నాయనా. పిల్లోడున్నాడు."

కండక్టరు ఒక్క దూకు దూకి, చక్రాల కింద వంగి చూశాడు.