కట్టెల మధ్య సందు

నేను పుట్టింది తెనాలిలో, కట్టెల అడితి ఉన్న ఇంట్లో. పగలంతా కట్టెలు అమ్మే మా నాన్న ఇంట్లోకి మాత్రం ఒక్క పుల్ల రానిచ్చేవాడు కాదు. మా వంటంతా గ్యాసు మీదే. ఆ సంగతి బాపట్లలో మా అత్తయ్యకు నేనెప్పుడూ చెప్పలేదు. పెళ్ళైన కొత్తలో ఆవిడ పెరట్లోని నీళ్ళ పొయ్యి చూపించి, "అడితి పిల్లవి, నీకు నేను నేర్పేదేంటిలే," అంది. నేను అన్నీ తెలిసినట్టే తల ఊపాను. ఆ తరవాత పన్నెండేళ్ళు ఏవో సాకులు చెప్పి ఆ పొయ్యి ఛాయలకు పోకుండా తప్పించుకు తిరిగాను.

మొన్న తుఫానులో దొరికిపోయాను.

ఆవిడకు కుడికన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన ఎడమ కంటికి తెనాలిలో ఆపరేషన్ చేయించి, కట్టుతో ఇంటికి తీసుకొచ్చాం. పొగ తగలకూడదు, మర్నాడు వస్తే కట్టు విప్పుతాం అన్నారు డాక్టరుగారు. తెల్లారేసరికి కరెంటు లేదు, రోడ్ల మీద మోకాలి లోతు నీళ్ళు. మా ఆయన డ్యూటీకని రేపల్లె వెళ్ళి అక్కడే చిక్కుబడ్డాడు. ఆవిడకు షుగర్ మాత్ర వేసి, జావ కాద్దామని స్టవ్ వెలిగిస్తే మంట రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. గ్యాసు అయిపోయింది. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరు. షుగర్ ఇల్లని పంచదార కొనడం ఎప్పుడో మానేశాం; డబ్బాలో మిగిలిన రెండు బిస్కెట్లు తినిపించాను. కాసేపటికి, "ఒళ్ళు వణుకుతుందే," అందావిడ.

ఆవిడ గది తలుపులూ కిటికీలూ మూసి, సందుల్లో పాత చీర కుక్కి, పెరటి పంచలో ఉన్న ఆ పొయ్యి దగ్గరికి పరిగెత్తాను. సరుగుడు కట్టెలు పైపైన తడిశాయి. ఉన్నంతలో మంచివి ఏరి, ఒకదానికొకటి ఆనించి పొందికగా పేర్చి, కింద కాగితాలు పెట్టి అగ్గిపుల్ల గీశాను. కాగితం కాలింది, కట్టె కాలలేదు. దేవుడా, ఈ ఒక్కసారికి అంటించు అని పొయ్యి ముందే ప్రార్థన చేశాను. ఆమెన్ అనేలోపు ఆ కాగితం మంటా ఆరింది. ఊదుడు గొట్టం కనపడక వంగి నోటితోనే ఊదాను. లేచిన పొగంతా నేరుగా ఆవిడ కిటికీ మీదికే పోయింది. కట్టెల్నీ, వాననీ, మా ఆయన్నీ కలిపి తిట్టుకున్నాను. నీరసంతో ఆవిడ పడిపోతుందా, పొగకు ఆ ఒక్క కన్నూ పోతుందా అని ఒకటే భయం.

"ఏంటే ఆ పొగ? నేను రానా?" లోపలి నుంచి అత్తయ్య గొంతు.

"మీరు రావొద్దు!" అని అరిచాను. ఆవిడ మీద అరవడం అదే మొదలు. ఆగలేక మిగతాది కూడా అరిచేశాను. "నాకు పొయ్యి రాజేయడం రాదు అత్తయ్యా. ఎప్పుడూ రాదు. ఎట్లా పెట్టాలో చెప్పండి!"



"కట్టెల మధ్య నీ వేలు దూరుద్దా?"

"దూరదండి."

"అడితిలో పేర్చినట్టు పేర్చావన్నమాట. అవి నిలవుండే కట్టెలు. ఇవి కాలాలి కదే! అన్నీ లాగేయ్. చూరులో కొబ్బరిపీచు ఉంది, ముందు అది పెట్టు. దాని మీద సన్నపుల్లలు అడ్డంగా. సందు వదులు."

అన్నీ లాగేశాను. పీచు అంటుకుంది. తొందర పట్టలేక మొహం దగ్గరగా పెట్టి మళ్ళీ ఊదాను. భగ్గుమని మంట లేచి వెంట్రుకలు కాలిన కమురు వాసన వచ్చింది. అదేమిటో చూసుకునే తీరిక లేదు.

"అంటుకుందే, చప్పుడు మారింది. ఇంక ఊదకు," అంది లోపలి నుంచి. జావ కాచి చెంచాతో తాగించాను. వణుకు తగ్గింది. నా అబద్ధం గురించి ఆవిడ ఒక్క మాటా అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

రోడ్ల మీద నీళ్ళు తగ్గడానికి రెండు రోజులు పట్టింది. కన్ను మండుతోందా అని గంటకోసారి అడిగాను. "నీ నసకే మండుతుంది," అనేది. మూడో రోజు ఆసుపత్రిలో కట్టు విప్పుతుంటే, ఎదురుగా నిలబడి కొంగు మెలిపెడుతూనే ఉన్నాను. డాక్టరుగారు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగారు. ఆవిడ ఆయన వైపు తిరగలేదు. బదులు చెప్పలేదు. కన్ను పోయింది, నేనే పోగొట్టాను అనుకున్నాను.

"ఏమే," అంది అత్తయ్య నా మొహంలోకి చూస్తూ, "నీ ఎడమ కనుబొమ్మ సగం ఏమైంది?"