సర్వర్ గదిలో బెల్లం వండిన చెయ్యి

ఆయన పేరుకంటే ముందు ఆయన చెయ్యే గుర్తొస్తుంది నాకు. అనకాపల్లిలో ఒక ఆసుపత్రి సర్వర్ గదికి ఆయన వాచ్‌మన్. అంతకుముందు చాలా ఏళ్లు, పొయ్యి సెగని చేత్తోనే కనిపెడుతూ బెల్లం వండాడు. గంటకోసారి లోపలికొచ్చి, సర్వర్లు పేర్చిన ప్రతి ర్యాక్ బీరువా తాళం లాగి చూసి, దాని తలుపుకి చేతి వెనకభాగం ఆనించేవాడు. అచ్చం జ్వరం చూసినట్టే!

ఆ గది చూసుకునే పని నాది. సర్వర్ల గురించి నాకు తెలిసిందంతా ఊరి గ్రంథాలయంలో చదువుకున్నదే. వేడిని కొలిచే సెన్సర్ చల్లగాలి తగిలేచోట ఉండాలని చదివి, దాన్ని ఏసీ కిందే కట్టి ఎంత మురిసిపోయానో!

ఒక మే నెల మధ్యాహ్నం ఆయన కేకేశాడు. "బాబూ, ఈ పై పెట్టికి జొరమొచ్చింది."

"ఇరవై రెండు డిగ్రీలే ఉంది మామా," అని తెర చూపించాను.

"ఆ మిషను ఏసీ ఒళ్లో కూకుంది కదేటి! ఆడ కూకుంటే నీకూ సల్లగానే ఉంటాది."

రోగుల రిపోర్టులన్నీ ఆ పెట్టెల్లోనే ఉన్నాయి. సెన్సర్ విప్పి ర్యాక్ పైభాగాన పెట్టగానే అంకె నలభై దాటింది, అలారం మోగింది. ర్యాక్ వెనక ఫ్యాన్ ఆగిపోయి ఉంది! కొత్తది బిగించాక అంకె దిగుతుంటే ఇద్దరం కళ్లార్పకుండా చూశాం.

సాయంత్రం గ్రంథాలయానికి పరుగెత్తాను. సెన్సర్‌ని ర్యాక్ ముందువైపు, పైన కట్టాలని అదే పేజీలో ఉంది. నేనే సగం చదివి వదిలేశాను. మర్నాడు ఆ పుస్తకం తెచ్చి ఆయనకి మొత్తం చదివి వినిపించాను.

శ్రద్ధగా విని అడిగాడు: "ఇది రాసినోడు కూడా బెల్లం వండేడేటి బాబూ?"