నేను బయట లేని రోజు

కొన్నేళ్ళుగా ఒక మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది. మింగలేను. కక్కితే కాపురం పోతుంది. మీకు నా పేరు తెలియదు గనుక మీ దగ్గర కక్కుతున్నాను. జాలి మాత్రం పడకండి, నాకది పడదు.

మాది ఆమదాలవలస. మా ఆయన ధాన్యం వ్యాపారి. చెడ్డవాడని ఎవరూ అనరు, నేనూ అనను. నేను విజయనగరంలో బి.ఏ. చదివాను. పుస్తకం తెరిస్తే పక్కకొచ్చి కూర్చుని, "ఏటున్నాది అందులో? పైకి సదువు, నానూ ఇంటాను" అంటాడు. కిటికీ దగ్గర నిలబడితే ఎవర్ని చూస్తున్నానంటాడు. నిద్రలో ఎందుకు నవ్వావని కూడా ఒకసారి అడిగాడు.

ఆ ఇంట్లో ఆయన అడుగుపెట్టని చోటు ఒక్కటే. పెరట్లో, నెలసరి వచ్చిన ఆడవాళ్ళు దూరంగా కూర్చునే గది. చాప, చెంబు, నేను. ఆ మూడు రోజులూ ఎవరూ ముట్టుకోరు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అలాంటి గదుల్ని తిట్టుకునేవారు. నేను దానికోసం ఎదురుచూసేదాన్ని. తర్వాత ఎదురుచూడటం మానేసి, నెల మధ్యలో కూడా "బయట చేరాను" అని వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాను. ఎవరు చూడొచ్చారు?

అలా దొంగతనంగా బయట చేరిన ఒక పొద్దున మా అత్త వంటింటి గడప దగ్గర జారిపడింది. ఇంట్లో మేమిద్దరమే.

"ఒసే, పడిపోనానే. తుంటి ఇరిగిపోనాదే. సెయ్యందీయే."

"నేను బయటున్నాను కదత్తా. వంటింట్లోకి ఎలా వస్తాను?"

"మైలా లేదు, గియిలా లేదు. రాయే."

"రేపు నన్నే అంటావు."

పుస్తకంలో వేలు పెట్టుకుని, గది గుమ్మంలో నిలబడి చూశాను. నిజంగా బయట ఉన్నా ఏ ఆడదైనా పరిగెత్తేది. తర్వాత తలస్నానం చేస్తే సరిపోయేది. అబద్ధం బయటపడుతుందని భయమా? వెళ్తే ఏం బయటపడుతుంది? పోనీ, పగా? నాకు కడుపు పోయి, జ్వరంతో ఆ గదిలో పడున్నప్పుడు, ఈవిడే నీళ్ళచెంబు గడపవతల పెట్టి, నేను పాక్కుంటూ వచ్చి అందుకోవడం చూస్తూ నిలబడింది. పగేనని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అదీ పూర్తి నిజం కాదు. వాళ్ళ కట్టుబాటు మొదటిసారి కత్తిలా నా చేతికొచ్చింది. ఎంత లోతుకు దిగుతుందో చూడాలనిపించింది. హాయిగా ఉంది. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికొచ్చాకే ఆవిణ్ణి లేవదీశాడు. నా మీదికి విరుచుకుపడబోతే, నొప్పితో మూలుగుతూనే ఆవిడంది: "దాని మీద అరవకురా. బయటున్నాది, అదేటి సేస్తాది?"

ఆవిడ మళ్ళీ నడవలేదు. మంచంలోనే పోయింది. మంచాన ఉన్నన్నాళ్ళూ నేను నెలకి రెండేసి సార్లు బయట చేరుతూనే ఉన్నాను. ఆ రోజుల్లో తల్లి పక్కబట్టలు ఆయన ఉతికాడు. నేను పెరట్లో నవలలు చదివాను.

క్షమాపణా? ఎవర్నడగాలి? ఆవిడ లేదు. ఈయన్నడిగితే క్షమించేస్తాడు. అదే నా భయం. క్షమించి, ఆ గదికి తాళం వేసి, బతికినన్నాళ్ళూ నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంటాడు.

నాకు నలభై దాటింది. ఈ సాకు ఇంకెన్నాళ్ళో చెల్లదు. ఇందాక ఆయన వంటింట్లోంచి "మళ్ళీనా?" అన్నాడు. అవునన్నాను. ఆ చాప మీద కూర్చునే ఇది రాస్తున్నాను. గోడవతల ఎవరిదో ట్రాన్సిస్టరు మోగుతోంది. సిగ్గేమీ తగ్గలేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది.