ట్రామ్‌లో ప్రయాణ ప్రార్థన

షాలేం రాజు ఏది చూసినా ముందు దానికి వీపు తిప్పుతాడు. చెయ్యి బారుగా చాపి, ఫోను పైకెత్తి, తన ముఖం సరిగ్గా పడిందో లేదో చూసుకుంటాడు. జలపాతమైనా, వైట్‌హౌస్ అయినా, అత్తగారి సమాధి అయినా అంతే. ఫొటో తీశాక "ఇంతేగా" అంటాడు. పెళ్ళయినప్పటి నుంచి భార్య పర్సిస్ ఆ ఫొటోల్లో పక్కన నిలబడుతోంది. ఏ ఫొటో ఏ ఊరిదో ఆమె చెప్పలేదు. అన్నిటినిండా అతని ముఖమే.

టెక్సస్‌లోని ప్లేనోలో అతను సాఫ్ట్‌వేర్ మేనేజరు, తెలుగు చర్చిలో సంఘ పెద్ద. తన ఊరు తప్ప మిగతా ఊళ్ళన్నీ అతనికి లోకువ. శాన్‌ఫ్రాన్సిస్కో మరీను. కూతురు క్రిస్టీకి అక్కడే ఒక కాలేజీలో ఆర్కిటెక్చర్ సీటు వచ్చింది. చేరేదీ లేనిదీ ఆదివారం లోపు చెప్పాలి. ఇంటి దగ్గరి కాలేజీ చాలన్నాడు తండ్రి.

"డాడీ, జస్ట్ ఒక్కసారి ఊరు చూడండి. నచ్చకపోతే ఓకే, మళ్ళీ అడగను," అంది ఆ పిల్ల.

చూసి వద్దంటే ఇంకా గౌరవంగా ఉంటుందని అతను బయల్దేరాడు.

శనివారం పొద్దున, శాన్‌ఫ్రాన్సిస్కోలో సముద్రం ఒడ్డు దగ్గర, పాతకాలపు ట్రామ్ కోసం క్యూలో నిలబడ్డారు. నేల కింద కదిలే ఇనుప తాడు కొండ మీదికి లాక్కెళ్ళే చెక్క బండి అది. వెంట కెన్నీ ఉన్నాడు. ఆ దగ్గర్లోనే ఉన్న ఫ్రీమాంట్ ఊళ్ళో తెలుగు చర్చికి పాస్టరు. పొగమంచు కమ్మి సముద్రం కనబడటం లేదు.

"దీనికింత లైనా?" అన్నాడు రాజు. "మా సైడ్ అయితే స్క్రాప్‌కి వేస్తారు."

"వందేళ్ళు దాటిన మోడల్ అన్నయ్యా."

"అదే చెప్తున్నా. ఏసీ కూడా లేదు. ఆ ఇళ్ళు చూడు, గరాజ్‌లో కార్ పెడితే మనిషి దిగలేడు. మిలియన్లు పోసి కొంటారంట, బుర్ర లేకపోతే సరి."

"మన ప్లేనోలో ఎత్తంటే ఫ్లైఓవరే కదండీ," అంది పర్సిస్. కెన్నీ నవ్వు ఆపుకున్నాడు. రాజు వినలేదు. భార్య మాట వినడం అతనికి అలవాటు లేదు.

ట్రామ్ వచ్చింది. బయటి వైపు తిరిగి ఉన్న బల్ల మీద నలుగురూ కూర్చున్నారు. గంట మోగింది. రాజు టోపీ తీశాడు.

"ప్రార్థన చేసుకుందాం."

వాళ్ళ ఇంట్లో ప్రార్థన లేకుండా ప్రయాణం మొదలవదు. పెద్దవాడు చేస్తే మిగతావాళ్ళు కళ్ళు మూసుకోవాలి. కారులో అయితే ఆమెన్ అయ్యాకే తాళం తిప్పుతాడు. ట్రామ్ ఎవరి ఆమెన్ కోసమూ ఆగదు.

"పరిశుద్ధుడవైన తండ్రీ..."

సృష్టితో మొదలుపెట్టి, ఎర్రసముద్రం దాటి, లేఆఫ్‌ల మీదుగా గ్రీన్‌కార్డుల దాకా వచ్చాడు. పక్కన పాస్టరు ఉంటే అతని ప్రార్థన పొడుగవుతుంది. "మా బిడ్డకు నీ చిత్తమైన చోటు నువ్వే చూపించు ప్రభువా," అన్నాడు. ప్రతి పెళ్ళిలో, ప్రతి గృహప్రతిష్టలో అనే మాటే. దానికి జవాబు వస్తుందని అతనెప్పుడూ అనుకోలేదు.

బండి నిటారుగా ఎక్కుతోంది. పర్సిస్ ఒరిగి కూతురి భుజానికి తగిలింది. ప్రార్థనలో కళ్ళు తెరవడం ఆమెకు అదే మొదలు.

మంచు విడిపోయింది. వీధి తిన్నగా కిందికి జారి నీళ్ళలోకి దిగుతోంది. నీలం. నీళ్ళ మధ్య ఒక దీవి. క్రిస్టీ కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తోంది, ఇక చూడనివ్వరన్నట్టు. తల్లిని గమనించి చప్పున కళ్ళు మూసుకుంది.

"మూసుకోకు. చూడు," అంది పర్సిస్, గొంతు తగ్గించి.

ట్రామ్ శిఖరం దాటింది. సముద్రం పోయింది. "ఆమెన్," అన్నాడు రాజు.

ఫోను పైకెత్తాడు. వెనక ఒక లాండ్రీ పడింది. "ఇంతేగా. దిబ్బలు, ఇరుకు ఇళ్ళు. క్రిస్టీ, చూశాం కదా, ఇక..."

"చూపించాడండీ," అంది పర్సిస్.

"ఎవడు?"

"ప్రభువు. బిడ్డకు చోటు చూపించమని మీరే అడిగారు. అడుగుతుండగానే మంచు తీసేశాడు. ఇద్దరం చూశాం."

"ప్రార్థనలో కళ్ళు తెరిచారా?"

"అడిగింది చూపించమని కదండీ. మూసుకుంటే ఏం కనిపిస్తుంది?"

"స్తోత్రం!" అని కేకేశాడు కెన్నీ. టూరిస్టులు ఉలిక్కిపడ్డారు. "ఏం జవాబు అన్నయ్యా! ఏం విశ్వాసం మీది!"

రాజు ఫోను దించాడు. ఆ మాట ఊరికే అన్నానని పాస్టరు ముందు చెప్పలేడు. దేవుడు పొరపాటు పడ్డాడనీ చెప్పలేడు. టోపీ పెట్టుకున్నాడు.

"ఆయన చిత్తం," అన్నాడు.

"చేరుతున్నానని ఇప్పుడే పంపెయ్," అంది పర్సిస్ కూతురితో. క్రిస్టీ ఫోను తీసి పంపేసింది.

మర్నాడు పొద్దున ఫ్రీమాంట్ చర్చిలో, దేవుడు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యం చెప్పమని ఎవరూ పిలవకముందే షాలేం రాజు లేచి మైకు అందుకున్నాడు. కొండ మీద దేవుడు మంచును చీల్చి కూతురి చోటును తనకు ఎలా చూపించాడో చేతులు ఊపుతూ చెప్పాడు. సముద్రం ఎలా ఉందో కూడా చెప్పాడు. పచ్చగా ఉందన్నాడు.