చేపలు బతికాయని రాశాను

నాన్న పోయిన ఏడాదే నాకు అట్టల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పటమట దాటి బందరు రోడ్డు మీద కొంత దూరం వెళ్ళాక పక్కకు తిరిగే కంకర దారి చివర ఉండేది ఆ ఫ్యాక్టరీ. వరిగడ్డిని సున్నంలో ఉడకబెట్టి అట్టలు చేసేవాళ్ళు. కంపెనీ పెద్దది. హెడ్డాఫీసు మద్రాసులో ఉండేది, ఇలాంటి మిల్లులు ఇంకా నాలుగైదు చోట్ల ఉండేవి. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివానని నన్ను లాబరేటరీలో అసిస్టెంటుగా తీసుకున్నారు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పటమటలో గది అద్దెకు తీసుకుని సైకిలు మీద వెళ్ళి వస్తుండేవాణ్ణి.

ఉడికిన గడ్డిని కడిగిన నీళ్ళు ఫ్యాక్టరీ వెనక డ్రెయిన్‌లోకి పోయేవి. టీ డికాషన్ రంగులో ఉండేవి. దిగువ ఊళ్ళవాళ్ళు వాటిని కషాయం అనేవారు. ఆ దిగువ ఊళ్ళలో మాదీ ఒకటి. మేము చేపలు పట్టుకుని బతికేవాళ్ళం. నాన్న, బాబాయి డ్రెయిన్‌లోనూ దాని పక్క మడుగుల్లోనూ వలలు వేస్తే, అమ్మ ఆ చేపల్ని గంపలో పెట్టుకుని బస్సులో బెజవాడ వెళ్ళి అమ్మేది. నాన్న నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. నాకు ఏడుపు రాలేదు. పెద్దకర్మ రోజున కూడా రాలేదు. గుండె రాయి చేసుకున్నాడని చుట్టాలు అన్నారు. నేను చేసుకున్నదేమీ లేదు. లోపల ఏదీ కదల్లేదు, అంతే. ఉద్యోగం వచ్చినప్పుడూ అలాగే ఉంది. ఆ కంపెనీలో ఎలా చేరావురా అని ఊళ్ళో ఎవరూ అడగలేదు. ప్యాంటు వేసుకుని పనికి వెళ్ళేవాణ్ణి ఊరంతటికీ నేనొక్కణ్ణే.

నీళ్ళు పాడు చేయకూడదని ఢిల్లీలో కొత్త చట్టం వచ్చిన రోజులవి. ఎవరో వచ్చి అడగకముందే సర్దుకోవాలని కంపెనీ అనుకుంది. అందుకోసం హెడ్డాఫీసు నుంచి ఒక కెమిస్టు గారిని పంపారు. ఆయనకు నలభై దాటి ఉంటాయి. తల్లిది నెల్లూరు కావడంతో తెలుగు బాగానే మాట్లాడేవారు. ఇంటా వంటా చేప ఎరగని మనిషి. కంపెనీ సంగతి ఏమో గానీ, ఆయన మాత్రం ఆ నీళ్ళు బాగుపడాలని నిజంగా కోరుకున్నారు. ఎండలో గొడుగు వేసుకుని డ్రెయిన్ గట్టు పొడుగునా నడిచేవారు. ఫ్యాక్టరీ వెనక మూడు పెద్ద కుంటలు తవ్వించారు. కషాయం మొదటి కుంటలో నిలిచి, పీచు అడుక్కి దిగి, తేటనీరు రెండో దాంట్లోకి, అక్కణ్ణుంచి మూడో దాంట్లోకి పోవాలి. అది మొదటి విడత. రెండో విడతలో మోటార్లతో తిరిగే ఇనప చక్రాలు పెట్టి నీళ్ళను చిలకాలి.

“నీళ్ళు తేటగా కనపడితే చాలదయ్యా. వాటిలో గాలి ఉండాలి. లేకపోతే చేప ఊపిరాడక చచ్చిపోతుంది” అని నాకు చెప్పారు.

అది తేల్చడానికి పరీక్ష కూడా చేపలతోనే. గాజుతొట్టిలో మూడో కుంట నీళ్ళు పోసి, ఆరు చేపపిల్లల్ని వదిలి, రెండు రోజులు చూడాలి. చేపలు తేవడం, తొట్టి ముందు కూర్చోవడం, చచ్చిన టైము రిజిస్టరులో రాయడం నా పని. ఆదివారం ఊరు వెళ్ళి అమ్మ దగ్గర బొచ్చె పిల్లల్ని బిందెలో పట్టుకుని వచ్చేవాణ్ణి.

పొద్దున ఎనిమిదింటికి వదిలితే మధ్యాహ్నం భోజనాల లోపే అన్నీ పోయేవి. ముందు గుంపుగా ఒక మూలకు చేరేవి. తర్వాత ఒకటి పక్కకు ఒరిగేది. పది గంటల నలభై, రెండోది. పదకొండు ఐదు, మూడోది. ఇలా రాసి, వాటిని డబ్బాలో వేసుకుని వెళ్ళి గోడ అవతల పారబోసేవాణ్ణి. రెండు నెలలు అదే పని. నాకు చేతులు కడుక్కోవాలని కూడా అనిపించేది కాదు. కెమిస్టు గారు మాత్రం రిజిస్టరు చూసి క్యారేజీ మూత తీయకుండా కూర్చునేవారు. కుంటల్లో నీళ్ళు నిలవాల్సిన రోజులు పెంచారు, సున్నం తగ్గించారు. పదకొండు ఐదు కాస్తా పదకొండు ముప్పై అయింది.

ఒక ఆదివారం అమ్మ దగ్గర బొచ్చె పిల్లలు లేవు.

“జానెడు కొరమీన్లు ఉన్నయ్యి. పట్టుకెళ్తావా?” అంది.

“ఇవ్వు” అన్నాను.

కొరమీను సంగతి మా కులంలో పసిపిల్లలకి కూడా తెలుసు. అది నీళ్ళలో గాలి కోసం చూడదు. పైకి వచ్చి నోరు తెరిచి బయటి గాలే మింగి పోతుంది. మడుగు ఎండిపోతే బురదలో దాక్కుని బతుకుతుంది. అమ్మ గంపలో బెజవాడ దాకా బతికే వచ్చేది. అది తెలిసే వాటిని తొట్టిలో వదిలాను. మోసం చేద్దామనుకోలేదు, మేలు చేద్దామనీ అనుకోలేదు. ఆ వారం పారబోసే పని ఉండదని మటుకు అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత కెమిస్టు గారు తొట్టి ముందు వంగి చాలాసేపు చూశారు.

“బతికాయయ్యా” అన్నారు.

“బతికాయి సార్.”

నా భుజం మీద చెయ్యి వేశారు. రిజిస్టరులో చేప రకానికి గడి లేదు. వదిలినవి ఆరు, బతికినవి ఆరు అని రాశాను. ఆ రాసినదాంట్లో అబద్ధం లేదు. ఇక నుంచి అలాంటివే తెమ్మన్నారు, తెచ్చాను. ఐదు వారాలు రాశాను. ఆయన ఆ లెక్కలు మద్రాసుకు పంపారు. చేపలు బతుకుతున్నాయి కాబట్టి చక్రాల అవసరం లేదని, రెండో విడత ఆపేశామని అక్కణ్ణుంచి ఉత్తరం వచ్చింది. ఆయన అది నాకు చదివి వినిపించి, “పోనీలే, కుంటలతోనే పని అయింది” అన్నారు. నేను ఆ మాట విని గాజు గొట్టాలు తుడుచుకుంటూ ఉండిపోయాను.

తర్వాత మేనేజరు గారు దిగువ ఊళ్ళవాళ్ళను పిలిపించారు. డ్రెయిన్ చేపలు కషాయం వాసన వేస్తున్నాయని, బజారులో ఎవరూ కొనడం లేదని వాళ్ళు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. నలుగురు పెద్దలతో పాటు అమ్మేవాళ్ళు కూడా ఉండాలని ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. అందులో మా అమ్మ ఒకతె. అందరికీ కాఫీ ఇచ్చారు. మేనేజరు గారు గాజుతొట్టి చూపించి, ఇవి మన ఫ్యాక్టరీ నీళ్ళే, ఇందులో చేపలు హాయిగా తిరుగుతున్నాయి చూడండి అన్నారు.

అమ్మ దగ్గరకు వచ్చి చూసింది. ఒకటి పైకి లేచి గాలి మింగి కిందకు పోయింది. అమ్మ తలెత్తి నా వంక చూసింది. పెద్దలు కూడా చూశారు. నేను వాళ్ళ బిడ్డనని కాబోలు, ఎవరూ నోరు మెదపలేదు. కాఫీ తాగి లేచారు.

సైకిల్ స్టాండు దగ్గర అమ్మ నాకోసం ఆగింది.

“అయి కొరమీన్లని ఆయనకి తెలవదా?”

“తెలీదు.”

“నీకు తెలుసుగా?”

నేను వంగి సైకిలు తాళం తీశాను.

“మీ బాబాయి నిన్న వల తీసుకెళ్ళి అటక మీద పడేశాడు. ఎవరికి చెప్పుకుంటాడు చెప్పు? నువ్వు లోపల ఉన్నావని అనుకున్నాం” అంది. తిట్టలేదు. కొంగు దులుపుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

సాయంత్రం కెమిస్టు గారికి చెప్పాను. ఎలా చెప్పాలో ఆలోచించుకోలేదు. “సార్, ఆ చేపలు ఏ నీళ్ళలో వేసినా బతుకుతాయి” అన్నాను. ఆయన మొదట నవ్వారు. తర్వాత కూర్చోబెట్టి అంతా అడిగారు. కాగితం తీసుకుని ఏ చేప ఎలా ఊపిరి పీలుస్తుందో, ఏది ఎన్ని గంటలు ఆగుతుందో నేను చెబుతుంటే రాసుకున్నారు. రాయడం అయ్యాక కలం మూత పెట్టారు.

“ఎందుకు చెప్పలేదయ్యా?”

“రోజూ చచ్చినవి పారబోసేది నేనే సార్.”

ఆయన కిటికీలోంచి కుంటల వైపు చూశారు. “నేనూ అడగలేదులే” అన్నారు.

మర్నాడు మేనేజరు గారి గదిలో పెద్ద గొడవ జరిగిందని ప్యూను చెప్పాడు. పొరపాటు తనదేనని, చేపల గురించి తనకు తెలియక జరిగిందని కెమిస్టు గారు చెప్పారట. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. ఆ సంగతి విన్నప్పుడు ఏదో అనిపించాల్సింది. పీపెట్లు కడుగుతున్నాను, కడగడం పూర్తిచేశాను. బొచ్చె పిల్లలతో మళ్ళీ పరీక్ష పెట్టాం. మళ్ళీ టైములు రాశాను. ఈసారి చేప రకానికి ఒక గడి గీయమన్నారు. ఆ కాగితాలు మద్రాసు వెళ్ళాయి. ఒకసారి ఆపిన పనికి మళ్ళీ అనుమతి రావడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. అది వచ్చేలోపే ఆయన్ని వేరే మిల్లుకు మార్చారు. వెళ్ళే రోజున గొడుగు చంకలో పెట్టుకుని నా చెయ్యి పట్టుకున్నారు. “మీ అమ్మగారికి నమస్కారం చెప్పు” అన్నారు. చెప్పలేదు నేను.

ఆ రెండేళ్ళలో బాబాయి కొల్లేరు వైపు అత్తవారి ఊరికి కాపురం మార్చేశాడు. అమ్మ డ్రెయిన్ చేపలు మానేసి, బందరు నుంచి వచ్చే సముద్రం చేపలు కొని అమ్మడం మొదలుపెట్టింది. గట్టు మీది ఇళ్ళకు ఒక్కొక్కదానికే తాళాలు పడ్డాయి.

చివరికి చక్రాలు వచ్చాయి. పెద్ద చప్పుడుతో తిరిగి నీళ్ళను నురగ నురగ చేసేవి. మొదటి నెలలో బొచ్చె పిల్లలు సాయంత్రం దాకా ఆగాయి. తర్వాత ఒక రోజు. మూడో నెలలో రెండు రోజులు పూర్తయ్యాక కూడా ఆరుకు ఆరూ తిరుగుతున్నాయి. కొత్త కెమిస్టు గారు రిజిస్టరు మీద సంతకం చేసి పక్కన పెట్టారు.

ఆ ఆదివారం అమ్మకు చెప్పాను. “చేపలు బతుకుతున్నయ్యమ్మా, ఇప్పుడు నిజంగానే.”

“ఏ చేప?”

“బొచ్చె.”

“మంచిదేగా” అంది. సముద్రం చేపల మీద ఐసు పొడి చల్లుతోంది. చల్లడం ఆపలేదు. నేను గంప ఎత్తి అమ్మ తలమీద పెట్టాను. ఇద్దరం బస్సు దాకా నడిచాం. దారిలో డ్రెయిన్ వంతెన దాటాం. నీళ్ళ రంగు మారింది, వాసన కూడా తగ్గింది. అమ్మ వంగి చూడలేదు, నేనూ చూపించలేదు.

మరుసటి ఏడు వానాకాలం తర్వాత ఆ డ్రెయిన్‌లో మళ్ళీ వలలు కనిపించాయి. మా ఊరివాళ్ళవి కావు. ఎగువ నుంచి ఎవరో కొత్తవాళ్ళు వచ్చి గట్టు మీద పాకలు వేసుకున్నారు.