షోరూంలో హమాలీ

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. బేరం తెగేదాకా అమ్మేవాడి చాయ్ ముట్టకూడదు. ఎడ్ల అంగడిలోనైనా, పొలం గట్టు మీదనైనా, ధర కుదరకముందు ఎదుటివాడు అందించిన గ్లాసును మా బాపు తాకేవాడు కాదు. గొంతు ఆరిపోతే దూరంగా వెళ్ళి బోరు దగ్గర నీళ్ళు తాగి వచ్చేవాడు. ధర కుదిరిన తర్వాత మాత్రం ఇద్దరూ ఒకచోట నిలబడి చాయ్ తాగేవారు. ఆ గుక్కతో మాట ముగిసినట్టు. తెల్లారి ఎద్దు మొరాయించినా, భూమి ధర రెట్టింపైనా, ఇక ఎవరూ నోరు విప్పేవారు కాదు.

కాలేజీలో చర్చాపోటీలకు తిరిగే రోజుల్లో నేను ఈ నియమాన్ని తేలికగా తీసిపారేసేదాన్ని. ఒప్పందానికి కారణాలు కావాలి గాని చాయ్ ఎందుకని వాదించేదాన్ని. బాపు విని నవ్వేవాడు. ఏ ప్రతిపాదననైనా ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కకు కారణం అడగాలని నాకు మా అధ్యాపకులు నేర్పారు. ఆ విద్యకు పరీక్ష మొయినాబాద్‌లో, ఒక కార్ల షోరూంలో వచ్చింది.

గచ్చిబౌలి వైపు ఐటీ కంపెనీల భవనాలు లేస్తున్న కాలమది. మా చేవెళ్ళ రోడ్డు పొడవునా వెంచర్ల జెండాలు పాతుకున్నాయి. మొన్నటిదాకా ఎరువుల గోదాము ఉన్నచోట అద్దాల గోడలతో షోరూం వెలిసింది. భూములమ్మిన వాళ్ళు అక్కడ కార్లు కొనుక్కునేవారు. మేము భూమి అమ్మలేదు. మా అన్న చాలా కాలంగా ఇంకొకరి కారును కిరాయికి నడుపుతూ, ఐటీ ఉద్యోగులను ఇళ్ళ నుంచి ఆఫీసులకూ ఆఫీసుల నుంచి ఇళ్ళకూ చేరవేసేవాడు. వచ్చిన దాంట్లో పెద్ద భాగం కారు యజమానికి పోయేది. ఒకరోజు ఒక ఐటీ కంపెనీ రవాణా కాంట్రాక్టరు అతనితో, “సొంత బండి ఉంటే సోమవారం తెచ్చి చూపియ్యి. టాక్సీ పసుపు ప్లేటు ముచ్చట తర్వాత చూద్దాం. లేకుంటే నీ జాగ నీ వెనకున్నోనికి ఇచ్చేస్త” అన్నాడు.

బ్యాంకు అప్పు మంజూరైంది. అన్నకు కావలసిన రకం కారుకు అన్ని చోట్లా నెలల తరబడి నిరీక్షణ ఉండగా, ఎవరో వద్దనుకున్న తెల్లబండి ఒకటి మొయినాబాద్‌లో ఉన్నదని తెలిసింది. శుక్రవారం పొద్దున బాపు, అన్న, నేను ఆలూరు నుంచి బయలుదేరి బస్సులో వెళ్ళాం. “చెల్లెకు మాటలొస్తయి, రానియ్యి” అని నన్ను వెంట తీసుకుపోయింది అన్ననే.

షోరూంలో మెడకు టై కట్టుకున్న ఒక యువకుడు మమ్మల్ని కూర్చోబెట్టాడు. అమ్మకాలు చూసేది అతనే.

“వాటర్, టీ, కాఫీ? ఏం తీసుకుంటారు సర్?”

“ఇప్పుడే వద్దు బిడ్డా” అన్నాడు బాపు.

అతను మర్యాదకొద్దీ మూడు కాగితపు కప్పుల్లో చాయ్ తెప్పించి బల్ల మీద పెట్టించాడు. మా ముగ్గురిలో ఎవరమూ చెయ్యి చాపలేదు. ఆ నియమాన్ని వెక్కిరించే నేను కూడా చాపలేదు.

అతను ధర రాసిన కాగితాన్ని అన్న వైపు తిప్పాడు. నేను దాన్ని నా వైపు లాక్కున్నాను.

“ఇందుల ఏమేమి కలిపిన్రు?”

“అన్నీ ఇన్‌క్లూడెడ్ మేడం.”

“అన్నీ అంటే?”

అన్న నా మోచేతిని తట్టాడు. “చెల్లె, జర మెల్లగ. ఇది కాలేజి గాదు.”

“మెల్లగనే అడుగుతున్న గద.”

సీటు కవర్లు, కాళ్ళ కింద పరిచే మ్యాట్లు, ముందు అద్దం దగ్గర పెట్టే చిన్న దేవుడి బొమ్మ కలిపి ఒక మూట ఉన్నది. అది తప్పనిసరి అన్నాడు. తప్పనిసరి అన్నది కారు తయారుచేసిన వాళ్ళా, మీరా అని అడిగాను. “దేవున్ని గూడ కొనాల్నా? మా ఇంట్ల ఉన్నడు” అన్నాడు అన్న. యువకుడు నవ్వి కాగితం మీద ఆ మూటను కొట్టేశాడు. బీమా బయట ఎంతకు దొరుకుతుందో నేను ముందే కనుక్కుని వెళ్ళాను కనుక, అదీ కొంత దిగింది. చివరికి ఒక వరుస మిగిలింది. హ్యాండ్లింగ్ చార్జీలు.

“ఇదేంది?”

“యార్డు నుంచి బండి తేవడం, కడగడం, పాలిష్ పెట్టడం... అదంతా హ్యాండ్లింగ్ మేడం.”

బాపు తల ఎత్తాడు. “అంటే హమాలీ అన్నట్టు.”

“అంతే అంతే పెద్దాయనా! హమాలీ లాంటిదే” అన్నాడు అతను, తనకొక తోడు దొరికినంత సంబరంగా.

బాపు జీవితంలో హమాలీ కొత్త మాట కాదు. చేవెళ్ళ మార్కెట్టుకు టమాటలూ క్యారెట్లూ తీసుకుపోయిన ప్రతిసారీ, బండి మీది నుంచి సరుకు దించినందుకు ఆయనే హమాలీ ఇచ్చేవాడు. ఆ డబ్బు దుకాణదారుకు ఇవ్వడు. బరువు మోసిన మనిషి చేతిలోనే పెడతాడు. ఇప్పుడు ఆయన ఆ అంకె వైపు కాసేపు చూసి, వాన సంగతి మాట్లాడినట్టుగా అన్నాడు: “మంచిగున్నది. అమ్మినప్పుడు హమాలీ మనదే, కొన్నప్పుడు గూడ మనదే.”

ఎన్ని పోటీల్లో ఎన్ని గంటలు సిద్ధమైనా నాకు అంత మంచి వాక్యం దొరకలేదు. దాన్ని అందుకుని నేను వాదం నడిపాను. న్యాయమైన ధర అంటే తక్కువ ధర అని నేనెప్పుడూ అనుకోలేదు. అడిగినవాడికి ప్రతి రూపాయికీ కారణం చెప్పగలిగిన ధరే న్యాయమైనదని నా నమ్మకం. సరుకును దుకాణానికి తెచ్చుకోవడం దుకాణదారు పని, దాని ఖర్చు కొనేవాడి మీద విడిగా వెయ్యడానికి కారణం ఏమిటని అడిగాను. పైగా ఆ అంకె చిన్నది కాదు. కాంట్రాక్టరు మొదటి కిరాయి చెల్లించేదాకా డీజిలు కోసం అన్న దాచుకున్న డబ్బు దాదాపు అంతే ఉన్నది.

“అది ఫిక్స్‌డ్ మేడం. అందరి దగ్గరా తీసుకుంటాం.”

“అందరు ఇస్తున్నరంటే న్యాయమైతదా?”

“న్యాయం సంగతి నాకు తెలియదు మేడం. సిస్టం ఒప్పుకోదు.”

“అయితే మేం మెహిదీపట్నం పోయి చూసుకుంటం. లే బాపు.”

బాపు లేచాడు. అంగడిలో లేచి నిలబడటం కూడా బేరంలో ఒక మాటే. అద్దాల తలుపు చేరేలోపు మమ్మల్ని వెనక్కి పిలుస్తారని నేను నిశ్చయంగా అనుకున్నాను. కాని ఆ యువకుడు కాగితాన్ని తన వైపు తిప్పుకుని, “మీ ఇష్టం మేడం. సాయంత్రం ఈ బండికే ఇంకో పార్టీ వస్తున్నారు” అన్నాడు. అది నిజమో అబద్ధమో తేల్చే ఆధారం నా దగ్గర లేదు. అంతకుముందు అతని ప్రతి మాటనూ విడగొట్టగలిగాను. ఈ మాటకు అతుకులు కనబడలేదు.

వెనక్కి తిరిగి చూస్తే అన్న ఇంకా కూర్చునే ఉన్నాడు. అతని ముందున్న చాయ్ చల్లారి, పైన మీగడ కట్టింది. అతను ఆ కప్పును ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. ఖాళీ కప్పును బల్ల మీద బోర్లించాడు.

“ఏం జేసినవ్‌రా?” అన్నాడు బాపు.

“దూపైంది బాపు.”

అది దాహం కాదని ముగ్గురికీ తెలుసు. అతను నా వైపు చూడలేదు. నాకు ముందు కోపమే వచ్చింది. తర్వాత ఒక సంగతి తోచింది. చర్చాపోటీలో రెండు పక్షాలకూ సమానంగా సమయం ఇస్తారు. ఆ బల్ల దగ్గర ఎవరి బతుకు తేలవలసి ఉన్నదో, అతనికి అందరికంటే తక్కువ సమయం దక్కింది. మాటల్లో నన్ను మించలేనని తెలిసి, నేను కాదనలేని ఇంటి చట్టాన్నే అతను వాడుకున్నాడు.

బాపు మళ్ళీ కూర్చున్నాడు. “తెగింది. మావోడు నీ చాయ్ తాగిండు. నువ్వు చెప్పిన ధరే.”

యువకుడికి ఏమీ అర్థం కాలేదు. అయినా లేచి, “కంగ్రాచ్యులేషన్స్ సర్!” అని చెయ్యి చాపాడు. బాపు చెయ్యి కలపలేదు. బనీను జేబులో నుంచి నోట్ల కట్ట తీశాడు.

“హమాలీ పైసలు వేరే ఇస్త. హమాలోన్ని పిలువు.”

“ఎవర్ని సర్?”

“బండి తెచ్చినోన్ని, కడిగినోన్ని. వాని చేతులనే పెడుత. హమాలీ షావుకారి చేతికియ్యం మేం.”

బాపు ఎత్తు వేశాడని ఒక్క క్షణం అనుకుని ఆయన ముఖం చూశాను. అక్కడ ఎత్తు ఏదీ లేదు. ఇస్తానన్నాడు, ఇవ్వడానికి మనిషి కావాలి. ఆయన తలుపు వైపు చూస్తూ నిజంగానే ఎదురుచూస్తున్నాడు.

“అట్ల కుదరదు పెద్దయ్యా. అవి షోరూం ఖాతాల పోతయి.” టై కట్టుకున్న యువకుడి మాట తెలియకుండానే మా మాటలోకి జారింది.

“మరి బండి కడిగినోనికి?”

“వానికి జీతం ఉంటది.”

“జీతమున్నోనికి మల్ల హమాలీ ఏంది?”

నేను పలు విధాలుగా అడిగిన ప్రశ్నే అది. నేను అడిగినప్పుడు గెలవాలని అడిగాను. అందుకే అతను తన పక్షాన్ని కాపాడుకున్నాడు. బాపు తెలుసుకోవాలని అడిగాడు. యువకుడు కలానికి మూత పెట్టి బాపు వైపు వంగాడు.

“మీదే ఊరు పెద్దయ్యా?”

“ఆలూరు.”

“మాది శంకర్‌పల్లి పక్కన. మా ఇంట్ల గూడ కూరగాయలే.” గొంతు తగ్గించాడు. “నా చేతుల ఏం లేదు. ఉండున్రి, అడిగొస్త.”

అతను లోపల మేనేజరు గదిలోకి వెళ్ళాడు. అద్దం వెనక అతని చేతులు కదలడం మాత్రం కనిపించింది. అన్న తల పట్టుకుని నాతో గొణిగాడు. “నువ్వు చెడగొడుతవని నేను చాయ్ తాగితే, ఇప్పుడు బాపు చెడగొడుతున్నడు.”

యువకుడు తిరిగి వచ్చాడు. “సగం తీసేసిన్రు పెద్దయ్యా.”

బాపు నిజమైన సందేహంతో అడిగాడు. “సగం హమాలీ ఉంటదా?”

“ఉంటది బాపు! సగం దూరమే మోసిండనుకో!” అన్నాడు అన్న. అందరికంటే ముందు నవ్వింది ఆ యువకుడే. అప్పుడు బాపు అతనితో చెయ్యి కలిపాడు.

ఆదివారం బండి తెచ్చుకోవడానికి వెళ్ళాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అన్న చేతిలో బంతిపూల దండ ఉన్నది. నేను బిల్లు అందుకుని చదివాను. హ్యాండ్లింగ్ అన్న వరుస లేదు. దాని చోట లాజిస్టిక్స్ అన్న కొత్త వరుస చేరింది. అంకె ఆ మిగిలిన సగమే. సగం తీసెయ్యడానికీ, మిగిలిన సగాన్ని పేరు మార్చి నిలబెట్టడానికీ మధ్య ఉన్న తేడాను ఎత్తిచూపడానికి నా వేలు అప్పటికే ఆ వరుస మీద ఉన్నది. యువకుడు చూశాడు. అన్న కూడా చూశాడు. ఈసారి నన్ను ఆపడానికి అతని ముందు ఏ కప్పూ లేదు. దండ పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

నా ప్రశ్న సరైనదని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. ఆ వరుసకు కారణం ఎవరూ చెప్పలేరు. అయితే ఆ బేరం నాది కాదు. దానికి సోమవారం అనే గడువు ఉన్నది, ఆ గడువు మోసేవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. బిల్లు మడిచి అన్నకిచ్చాను. యువకుణ్ణి మాత్రం పక్కకు పిలిచి, ఇంకొకటి అడిగాను.

“రేపొచ్చేటోళ్ళకు గూడ సగమేనా?”

అతను దాచలేదు. “అడిగినోళ్ళకు, మేడం.”

ఆ రెండు మాటలు నన్ను చాలా కాలం వదలలేదు. అడగడం రానివాడు, అడిగే తీరిక లేనివాడు, అడగడం నామోషీ అనుకునేవాడు మొత్తం కట్టిపోతాడు. అడగగలిగినవాడు సగం కట్టి గెలిచానని ఇంటికి పోతాడు. అందరికీ ఒకటి కాని ధర నా నిర్వచనంలో ఎక్కడ నిలుస్తుందో నేను ఇంకా తేల్చుకోలేదు.

మరునాడు కాంట్రాక్టరు దగ్గర ఆ చోటు అన్నకే దక్కింది. కాని ఆ ఆదివారం సాయంత్రం అది మాకింకా తెలియదు. బంతిపూల వాసన నిండిన బండిలో మొయినాబాద్ దాటి ఇంటిదారి పట్టాం. బాపు ముందు సీటులో చేతులు ఒళ్ళో పెట్టుకుని, దేన్నీ తాకకుండా కూర్చున్నాడు. చేవెళ్ళ బస్టాండు దగ్గర అన్న బండి ఆపి, దిగి, మూడు చాయ్‌లు తెచ్చాడు. ఆ రెండు రోజుల్లోనూ షోరూంలో బాపు ఒక్క గుక్క కూడా తాగలేదని నాకప్పుడు గుర్తుకొచ్చింది. ఇప్పుడు కొడుకు చేతి నుంచి గ్లాసు అందుకుని, ఊదుకుంటూ, తీరిగ్గా తాగాడు.

నా గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది.

“చల్లారుతున్నది బిడ్డా” అన్నాడు బాపు. “తాగుతవా, ఇంక అడుగుతవా?”

“రెండూ” అన్నాను.

అన్న స్టీరింగు మీద తల ఆనించి నవ్వాడు. “తాగినంక అడగొద్దే! అదే గద రూలు!”

“అది మీ రూలు” అని, తాగాను.